పసుపు గీత

దర్జీ చేతికి సుద్దముక్క ఇచ్చి చూడండి, ముందు గీత గీస్తాడు. కత్తెర తర్వాత, కుట్టు ఆ తర్వాత. గీత లేకుండా గుడ్డ మీద కత్తెర వేసేవాడు దర్జీ కాడు, ఆ గుడ్డకు పట్టిన శని. మన దర్జీ ఇరవై ఏళ్ళకు పైగా అలా గీతలు గీసుకునే బతికాడు. అలాంటి మనిషిని నలభై దాటాక తీసుకెళ్ళి కార్ల కింద పడుకోబెడితే చెయ్యి మారుతుందా? పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈయనది పుర్రెతో పుట్టింది కూడా కాదు, పొట్టకూటి కోసం పట్టుబడింది. అలాంటిది ఇంకా మొండిగా ఉంటుంది.

ఆయన్ని కమ్యూనిటీ కాలేజీలో ఆటోమోటివ్ టెక్నాలజీ చదువుకి చేర్పించింది ఆయన అక్క. కొట్టున్న వీధిలోనే రెడీమేడ్ బట్టల షాపులు ఒకదాని పక్కన ఒకటి వెలిశాక, ఆయన దగ్గరికి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికో, జిప్పు మార్పించుకోవడానికో తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. కొన్నాళ్ళకు దానికీ రావడం మానేశారు. కొట్లో కాజాలు, హుక్కులు, అంచులు కుట్టేది అక్కే. తమ్ముడు మిషను ముందు కూర్చుని వీధిలోకి చూస్తుంటే, తను సూది పట్టుకుని తమ్ముణ్ణి చూస్తూ కూర్చునేది. చూసి చూసి విసిగిపోయి ఒకరోజు కాలేజీకి వెళ్ళి అన్నీ కనుక్కుని వచ్చింది.

"రెండేళ్ళ చదువంట. నీ వయసువాళ్ళని కూడా చేర్చుకుంటారంట. అయిపోగానే ఏ వర్క్‌షాపులోనైనా పని దొరుకుతుందంట" అంది.

"కార్ల పనా? సైకిలు చైను ఊడితేనే నాకు చెమటలు పడతాయక్కా."

"చొక్కా కాలరు తిప్పి కుట్టేవాడివి, బోల్టు తిప్పలేవా? నోరు మూసుకుని చేరు."

బావ అక్కడే ఉన్నాడు. పైపుల పని చేస్తాడాయన. ఎక్కడ నీళ్ళు కారినా ఆయన్నే పిలుస్తారు. ఆయన నోటి నుంచి మాత్రం ఎప్పుడూ వెటకారమే కారుతుంది. "తలనెరిశాక తమ్ముడికి పలకా బలపం కొనిస్తున్నావా? లంచ్ బాక్సు కూడా కట్టివ్వు, దారిలో ఏడుస్తాడేమో" అన్నాడు. అక్క ఆయన వైపు ఒక చూపు చూసింది. బావ గ్లాసు తీసుకుని పక్కగదిలోకి నడిచాడు. అంతటితో ఆగలేదు ఆవిడ. కుట్టుమిషను ఇంట్లో ఉంటే వీడు వెనక్కి చూస్తాడని, తనే బేరం పెట్టి, తనే దగ్గరుండి ఆటో ఎక్కించి పంపించేసింది. మిషను వెళ్ళిపోతుంటే దర్జీ గుమ్మంలో నిలబడి చూశాడు.

కాలేజీలో పొద్దున పాఠాలు, మధ్యాహ్నం వర్క్‌షాపు. పాఠాల్లో కరెంటు తీగల బొమ్మలు వేసి, ఈ సెన్సారు ఆ కంప్యూటరుకి ఏం చెప్తుందో చెప్పమనేవారు. దర్జీకి ఆ తీగలు చూస్తే చిక్కుపడ్డ దారపు ఉండ కనపడేది గాని ఇంకేమీ కనపడేది కాదు. తోటి పిల్లలు ఇట్టే పట్టేసేవారు. వాళ్ళంతా నిన్నమొన్న బడి వదిలినవాళ్ళు. ఆయన్ని 'బాబాయ్' అనేవారు. మొదట్లో ఎగతాళికే అన్నా, పోనుపోను అదే ఆయన పేరైపోయింది. జతలు కట్టమన్నప్పుడు ఇంకెవరూ మిగలక ఆయనకి ఒక పిల్ల మిగిలింది. ఒకచోట కాలు నిలవదు కాబట్టి ఆ పిల్లని అందరూ తూనీగ అంటారు. ఇంకొకరు పని మొదలుపెట్టేలోపు తను ముగించేసే రకం. "బాబాయ్, నీది నిదానం, నాది తొందర. ఇద్దరం కలిస్తే ఒక మంచి మెకానిక్కు" అనేది. దర్జీకి ఆ పిల్లంటే ప్రాణం.

మాస్టారు మాట తక్కువ మనిషి. చాలా ఏళ్ళు వర్క్‌షాపుల్లో పనిచేసి పాఠాలకు వచ్చినవాడు. ఇంజను గురించి నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు గాని, చక్రాల నట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు పూనకమే. నట్లు ముందు వేళ్ళతో ఎక్కించాలి. ఆఖర్న టక్కు రెంచి వెయ్యాలి. దాని అసలు పేరు టార్క్ రెంచి. కావలసినంత బిగువు రాగానే టక్కుమంటుంది కాబట్టి పిల్లలు దానికి ఆ పేరు పెట్టారు. టక్కుమన్నాక ఆ నట్టు మీద పసుపు రంగు పెన్నుతో ఒక గీత పెట్టాలి. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే బిగించనట్టు. ఒకరు గీతలు పెడితే, జతలో రెండోవాళ్ళు ఆ గీతలు చూసి, చక్రానికి ప్లాస్టిక్ మూత తొడిగి బండిని లిఫ్టు మీంచి పూర్తిగా దింపాలి. "నేను అబద్ధం చెప్పినా చెప్తానేమో, గీత అబద్ధం చెప్పకూడదు" అనేవాడు మాస్టారు. ప్రతి వారం అనేవాడు. దర్జీ ప్రతి వారం తల ఊపేవాడు.

వారంలో ఒక మధ్యాహ్నం బయటివాళ్ళ బళ్ళు తీసుకుని బాగుచేసి పంపేవారు. ఆ మధ్యాహ్నమే అక్క తన పాత బూడిదరంగు కారు వేసుకుని వచ్చింది. బ్రేకు తొక్కితే కీచుమంటోంది. బయట ఎక్కడైనా చూపించుకోమని బావ పోరుతున్నా వినలేదు. "నా తమ్ముడు చెయ్యి పెట్టే దాకా కీచుమంటే కీచుమననీ" అని కూర్చుంది. వచ్చీ రావడమే కౌంటరు దగ్గర మనిషితో, "ఇది మా తమ్ముడే చెయ్యాలండీ. వేరేవాళ్ళకి ఇవ్వకండి" అని గట్టిగా చెప్పింది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా విన్నారు. దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. తూనీగ ముసిముసిగా నవ్వింది.

షెడ్డు పక్కన అద్దాల గది ఉంది, బళ్ళ తాలూకు మనుషులు కూర్చోవడానికి. అక్క అందులో కుర్చీ అద్దానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. దర్జీ ముందు చక్రాలు రెండూ విప్పాడు. అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లు తీశాడు, తుప్పు గీకాడు, కొత్తవి వేశాడు. బ్రేకు ఆయిలు చూశాడు. పెడలు తొక్కి చూశాడు. ఎంత శ్రద్ధగా చేశాడంటే, తూనీగకి విసుగొచ్చి, "బాబాయ్, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?" అంది. మాస్టారు వచ్చి వంగి చూశాడు. "బ్రేకులు బాగా చేశావు" అన్నాడు. ఏడాది చదువులో ఆయన నోటి నుంచి దర్జీకి దొరికిన మొదటి మంచిమాట అది. దర్జీ అద్దం వైపు చూశాడు. అక్క చెయ్యి ఊపింది.

ఇక చక్రాలు. కుడి చక్రం తూనీగ బిగించి గీతలు పెట్టేసింది. ఎడమ చక్రం దర్జీ తగిలించి, నట్లన్నీ వేళ్ళతో ఎక్కించాడు. టక్కు రెంచి కోసం చూస్తే లేదు. షెడ్డులో బాగున్నది ఒకటే, దాన్ని అవతలి మూల పిల్లలు పట్టుకుపోయారు. తూనీగ పనిముట్లు కడగడానికి వెళ్ళింది. ఆయన చేతిలో మిగిలింది పసుపు రంగు పెన్ను.

ఆ పెన్ను కింద పెట్టొచ్చుగా! జేబులో పెట్టుకోవచ్చుగా! ఖాళీ చెయ్యి ఊరుకోదు. కొట్లో కత్తెర ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఏం చేసేవాడు? ఈలోపు గీతలు గీసి ఉంచేవాడు. గీసి ఉంచితే కత్తెర రాగానే పని చకచకా అయిపోతుంది. అంతే చేశాడు. చక్రం ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో నట్టు మీద ఒక్కో గీత, వంకర లేకుండా, ముద్దుగా పెట్టాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన బుర్రలో ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. లేచి, మోకాళ్ళు దులుపుకుని, రెంచి తేవడానికి అవతలి మూలకి వెళ్ళాడు.

అక్కడ పిల్లలు ఒక బోల్టుతో కుస్తీ పడుతున్నారు. "బాబాయ్, ఒక్క చెయ్యి వెయ్యి" అన్నారు. కాదనడం ఆయనకి చేతకాదు. చెయ్యి వేశాడు. బోల్టు ఊడి వచ్చేసరికి కొంతసేపు పట్టింది. రెంచి తీసుకుని వెనక్కి వచ్చాడు. వస్తే, లిఫ్టు ఖాళీగా ఉంది.

తూనీగ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "బండి పంపించేశా బాబాయ్! మీ అక్క చీకటి పడకముందే ఇంటికెళ్ళాలంది. నువ్వేమో ఎక్కడా కనపడలేదు."

"ఎడమ చక్రం?"

"గీతలన్నీ చూశాకే మూత తొడిగా. మాస్టారు కూడా చూశారు. ఎందుకు?"

దర్జీ చేతిలో టక్కు రెంచి ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయి, ఖాళీ లిఫ్టు వైపు, గేటు వైపు, మళ్ళీ లిఫ్టు వైపు చూశాడు. "బిగించలేదమ్మా" అన్నాడు.

"ఏంటి బిగించంది?"

"గీతలు పెట్టాను. బిగించలేదు."

ఆ పిల్ల మొహంలో నెత్తురు ఇంకిపోయింది. గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద బోలెడు బళ్ళు పోతున్నాయి, బూడిదరంగుది ఒక్కటీ లేదు. మాస్టారు వచ్చాడు. విన్నాడు. ఆయన అరుస్తాడనుకున్నారు, అరవలేదు. అర్థంకానట్టు చూశాడు. "బిగించకుండా గీతలు పెట్టావా? ఎందుకు పెట్టావయ్యా? ఎవడైనా ముందు గీత పెడతాడా?"

దర్జీ ఏమని చెప్తాడు? సుద్ద అనాలా, గుడ్డ అనాలా, కత్తెర అనాలా? వేళ్ళతో తిప్పిన నట్లు ఎంతసేపు నిలుస్తాయో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. "ఫోను చెయ్యి. ముందు ఫోను చెయ్యి" అన్నాడు మాస్టారు.

చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తదు. ఎందుకు ఎత్తుతుంది? ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నది ఈయనే కదా! అక్కకి కారు నేర్పింది దర్జీయే. నేర్చుకున్న కొత్తల్లో ఒకసారి ఫోను మోగితే ఎత్తబోయి, కూరగాయల బండి మీదికి పోనిచ్చింది ఆవిడ. వంకాయలతో పోయింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు దర్జీ తన తల మీద ఆవిడ చెయ్యి పెట్టించుకుని, బండి నడిపేటప్పుడు ఆకాశం ఊడిపడినా ఫోను ముట్టుకోనని అనిపించుకున్నాడు. అక్క మాటంటే మాటే. అప్పట్నుంచి ఫోను సంచీలో వేసి, జిప్పు లాగి, వెనక సీటులో పడేసి మరీ కూర్చుంటుంది.

"నా తల మీద ఒట్టు మాస్టారూ. ఎత్తదు" అన్నాడు దర్జీ.

మాస్టారి కారులో ముగ్గురూ బయల్దేరారు. ఆయన నడుపుతున్నాడు, పక్కన దర్జీ, వెనక తూనీగ. కొంతదూరం వెళ్ళాక ప్రశ్న వచ్చింది, ఎటు? ఇంటికి రెండు దారులు. ఒకటి పెద్దరోడ్డు, ఇంకొకటి కాలవగట్టు మీది రోడ్డు. పెద్దరోడ్డు మీద లారీలంటే అక్కకి భయం. భయపడిన రోజు గట్టు మీద నుంచి పోతుంది, ధైర్యం ఉన్న రోజు పెద్దరోడ్డు పడుతుంది. ఇవాళ ఆవిడకి ధైర్యమా, భయమా? కొత్త బ్రేకులు, తమ్ముడు చేసిన బండి. ధైర్యంగానే ఉంటుంది. "పెద్దరోడ్డు" అన్నాడు దర్జీ. అన్న మరుక్షణం తప్పు చెప్పానేమోనని గట్టు వైపు మెడ తిప్పి చూశాడు. తూనీగ వెనక నుంచి పోలీసులకి ఫోను చేసి, కారు రంగు, నంబరు చెప్తోంది. వాళ్ళు దారి అడిగారు. ఆ పిల్ల రెండు దార్లూ చెప్పింది. చూస్తామన్నారు.

ఫ్లైఓవరు కింద ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన సిమెంటు లారీ. హారన్లు మోగుతున్నాయి గాని ఒక్క చక్రం కదలడం లేదు. దర్జీ దిగి పరుగెత్తబోయాడు. మాస్టారు చొక్కా పట్టుకుని ఆపాడు. "పరుగెత్తి కారుని పట్టుకుంటావా? కూర్చో."

కూర్చున్నాడు. కూర్చోవడం తప్ప ఏం చేస్తాడు? కనపడిన ప్రతి కారు ముందు ఎడమ చక్రం వైపు చూశాడు. ఎవరి నట్లు వాళ్ళకి బిగుసుకుని ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ టక్కు రెంచి ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది. ఎప్పుడు కారెక్కించాడో ఆయనకే తెలియదు.

అక్కకి ఇంకో నాలుగైదుసార్లు చేశాడు, ఎత్తలేదు. బావకి చేశాడు. బావ ఎత్తాడు. వెనక ఎక్కడో నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు.

"ఏంటోయ్ ఇంజనీరూ, బండి అయిందా?"

"బావా, అక్కకి ఫోను చెయ్యి. ఎక్కడుంటే అక్కడ ఆగిపోమను."

"బండి నడిపేటప్పుడు నేను చేసినా ఎత్తదు, నువ్వు చేసినా ఎత్తదు. నీ తల మీద ఒట్టంట కదా. మొన్న ఇంటి తాళం నా దగ్గరుండిపోయిందని గంటసేపు మోగించాను, ఎత్తితే ఒట్టు. ఏం, ఏమైంది?"

చక్రం ఊడిపోతుంది బావా అనాలి. ఆ మూడు ముక్కలూ నోటి దాకా వచ్చి ఆగాయి. "ఏం లేదు. ఇంటికి రాగానే చెప్పు" అన్నాడు. ఫోను పెట్టేశాక తనని తాను తిట్టుకున్నాడు. మాస్టారు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తూ, "నేనూ గీతలే చూశానయ్యా. ముట్టుకుని చూడాల్సింది. గీతలు చక్కగా ఉన్నాయనుకుని వెళ్ళిపోయాను" అన్నాడు. తూనీగ ఏడుస్తోంది. ఆ పిల్ల ఏడుస్తుంటే ఊరుకోమని చెప్పడానికి కూడా దర్జీకి మొహం చెల్లలేదు.

అప్పుడు ఆయన ఫోను మోగింది. తెర మీద 'అక్క' అని వచ్చింది.

ప్రాణం లేచొచ్చింది. "అక్కా! ఆపు, బండి ఆపు!" అని అరిచాడు.

అవతల మగ గొంతు. "హలో, ఈ ఫోను ఎవరిదండీ? ఇందులో తమ్ముడు అని చాలా కాల్స్ ఉన్నాయి. మీరేనా తమ్ముడు?"

"నేనే. అక్క ఏది? మీరెవరు?"

"నేను బస్సు డ్రైవర్నండీ. ఇక్కడ కాలవగట్టు మీద ఒక కారు పడి ఉంది. ఆవిడ్ని ఇప్పుడే అంబులెన్సులో ఎక్కించారు. సంచీ కారులోనే ఉండిపోయింది, మోగుతుంటే తీశాను."

"ఎలా ఉంది? మాట్లాడుతోందా?"

"నేను వచ్చేసరికే ఎక్కించేస్తున్నారండీ. నేను చూడలేదు" అన్నాడాయన. చాలా మర్యాదగా, చాలా మెల్లగా అన్నాడు.

గట్టు చేరేసరికి కారు ఒక్కటే ఉంది. ముందు భాగం ఎడమవైపు నేలకు ఆనించి, గట్టు అంచున ఉన్న రాతికి మూతి పెట్టుకుని పడి ఉంది. ఆ రాయి అవతల కాలవ. రోడ్డు మీద బ్రేకు వేసిన నల్లటి చార తిన్నగా, గట్టిగా పడి ఉంది. చక్రం దూరంగా గడ్డిలో పడింది. మాస్టారు వెళ్ళి దాని ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. ఊడిన నట్లు కొన్ని ఆ మూతలోనే ఉండిపోయాయి. వాటి మీద పసుపు గీతలు చెక్కుచెదరలేదు. మాస్టారు వాటిని మూతతో సహా చేతిలో పట్టుకుని కారెక్కాడు. ఆస్పత్రి దాకా మలుపు తిరిగినప్పుడల్లా మూతలో నట్లు గలగలమన్నాయి.

అక్క బతికే ఉంది. ఆ మాట నర్సు చెప్పగానే తూనీగ అక్కడే నేల మీద కూలబడిపోయింది. కుడిచెయ్యి మోచేతి పైన విరిగిందని, రేపు ఆపరేషనని, ఆ చేతిలో పట్టు మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని అంది నర్సు. కాజాలు కుట్టే చెయ్యి అది. ఒక్కరినే లోపలికి వెళ్ళమంది. మాస్టారు, తూనీగ వసారాలో ఉండిపోయారు.

అక్క మంచం మీద వాలి కూర్చుని ఉంది. చేతికి కట్టు కట్టి మెడకి తగిలించారు. మొహం పాలిపోయింది గాని నోరు మాత్రం మామూలుగానే ఉంది. తమ్ముణ్ణి చూడగానే మందులు సర్దుతున్న ఇంకో నర్సుతో, "ఇదిగో, వీడేనమ్మా. చెప్పానే, కాలేజీలో చదువుతున్నాడని. ఇవాళే బ్రేకులు వేశాడు. అవి పట్టబట్టి రాయి దగ్గర ఆగాను. పాత బ్రేకులైతే ఈపాటికి కాలవలో తేలేదాన్ని" అంది. ఆ నర్సు దర్జీ వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వి వెళ్ళిపోయింది.

"అక్కా, నీకొకటి చెప్పాలి."

"నువ్వు ముందు కూర్చో. నువ్వే పేషెంటులా ఉన్నావు. రోడ్డు మీద గుంట ఏదో తగిలి ఉంటుంది. ముందు నుంచీ గలగలమని చిన్న చప్పుడు వస్తూనే ఉంది, చంటిపిల్లల గిలక్కాయలాగా. ఆగి చూద్దామా అనుకున్నాను."

"మరి ఆగలేదే?"

"ఆగి ఎవర్నో పిలిస్తే, వాళ్ళు నీ పనికి వంక పెడతారు. మొదటిసారి నా బండికి చెయ్యి పెట్టావు. కొత్త సామాను కదా, సర్దుకునేదాకా చప్పుడు చేస్తుందిలే అనుకుని పోనిచ్చాను." కళ్ళు మూసుకుంది. నొప్పి తగ్గే దాకా ఆగి, మళ్ళీ తనే అంది. "అద్దంలోంచి చూశానురా. చక్రం ముందు కూర్చుని పసుపు గీతలు పెడుతున్నావు. అచ్చం కొట్లో ఉన్నట్టే ఉన్నావు. నీ చేతికి మళ్ళీ కళ వచ్చిందనుకున్నాను."

ఇంకెలా ఊరుకుంటాడు? దర్జీ మంచం పట్టీ పట్టుకున్నాడు. "ఆ నట్లు బిగించలేదక్కా."

"ఏం నట్లు?"

"ఆ చక్రం నట్లు. బిగించాక గీత పెట్టాలి. నేను ముందే పెట్టేశాను. రెంచి తెచ్చుకుందామని వెళ్ళాను. ఈలోపు గీతలు చూసి బండి పంపించేశారు. గుంటా లేదు, ఏమీ లేదు. నేనే."

మాస్టారికి అర్థంకానిది, తూనీగకి అర్థంకానిది, ఇరవై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని కాజాలు కుట్టిన మనిషికి ఒక్క క్షణం పట్టలేదు.

"గుడ్డ మీద పెట్టినట్టా?" అంది.

"ఆ."

అక్క కాసేపు తమ్ముడి వేళ్ళ వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. "మిషను ముందు నుంచి లేపి నిన్ను అక్కడికి తోలింది నేనే కదరా" అంది. కళ్ళ నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవదు, ఎడమచేతికి సూది పెట్టి ఉంది. దర్జీ తన చొక్కా అంచుతో తుడిచాడు. నీ తప్పు కాదక్కా అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఆవిడ వింటేగా.

"మీ బావకి చెప్పకు" అంది చివరికి. "నోరు మంచిది కాదు. జన్మంతా దెప్పుతాడు. కాలేజీకి కూడా ఎవరూ చెప్పరు, గుంట అనే చెప్తాను నేను."

"మాస్టారికి తెలుసక్కా. బయటే ఉన్నారు. నట్లు ఆయన చేతిలోనే ఉన్నాయి."

అక్క ఏదో అనబోయింది. ఈలోపు తలుపు తోసుకుని బావ వచ్చాడు. పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. అక్కని తల నుంచి కాళ్ళ దాకా చూసుకున్నాడు. తర్వాత తిరిగి దర్జీని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆయన కౌగిలించుకోవడం దర్జీ ఎన్నడూ ఎరగడు.

"పోలీసు చెప్పాడు బామ్మర్దీ. బ్రేకు అంత గట్టిగా పట్టుండకపోతే రాయి దాటి కాలవలో పడేదంట. పలకా బలపం అని ఎగతాళి చేశాను. మనసులో పెట్టుకోకు. నీ చేతి చలవ వల్ల నా ఇల్లు నిలబడింది" అన్నాడు.

దర్జీ అక్క వైపు చూశాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"వసారాలో నిలబడ్డాయన మీ మాస్టారేనా?" అన్నాడు బావ. "పాపం, ఇంతదూరం వచ్చాడు. ఉండు, ఆయనకో దండం పెట్టొస్తాను. నిన్ను ఇంతవాణ్ణి చేశాడు."

"ఏవండీ, ఆగండి" అంది అక్క. బావ అప్పటికే తలుపు దాటేశాడు. "ఒరేయ్, ఆపరా" అంది తమ్ముడితో.

దర్జీ తలుపు దాకా వెళ్ళాడు. తలుపుకి పైన చిన్న అద్దం ఉంది. అందులోంచి చూస్తే, బావ మాస్టారి రెండు చేతులూ కలిపి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆ చేతుల మధ్య ప్లాస్టిక్ మూత ఉంది. ఊపినప్పుడల్లా నట్లు గలగలమంటున్నాయి. ఆ చప్పుడేంటోనని బావ మూతలోకి తొంగి చూశాడు. మాస్టారు బావ భుజం మీంచి తలుపు వైపు, అద్దంలో ఉన్న దర్జీ వైపు చూశాడు. ఏం చెప్పమంటావు అన్నట్టు చూశాడు.

వెనక నుంచి అక్క "ఒరేయ్" అంది మళ్ళీ. దర్జీ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తలుపు తియ్యనూ లేదు, వెనక్కి తిరగనూ లేదు.